పడమటి తలుపు

నా విజిటింగ్ కార్డు మీద ‘చంద్రకళ, డిజైన్ అసిస్టెంట్’ అని ఉంటుంది. హైదరాబాదులో ఐదేళ్లు ఆర్కిటెక్చర్ చదివి, నాలుగేళ్లు అపార్ట్‌మెంట్లు కట్టించి వచ్చినదాన్ని నేను. డబ్లిన్‌కు దూరంగా, పడమటి సముద్రపు ఒడ్డునున్న ఈ స్లైగోకు వచ్చి తొమ్మిదేళ్లయినా అసిస్టెంటునే. ఈ దేశంలో బోర్డు దగ్గర రిజిస్టర్ కానివాళ్లు తమను తాము ఆర్కిటెక్ట్ అని చెప్పుకోకూడదు. నాకంటే పన్నెండేళ్లు చిన్నవాళ్లు సైట్లో దర్జాగా కార్డు తీసి ఇస్తుంటే నేను పక్కన నిలబడి టేపు పట్టుకునేదాన్ని. అబద్ధమెందుకు, లోలోపల కుళ్లుకునేదాన్ని.

రిజిస్ట్రేషన్ కావాలంటే మొదటి గీత నుంచి చివరి తాళం దాకా మన చేతి మీదుగా నడిచిన పని ఒకటి చూపించాలి. డబ్లిన్‌లో ముగ్గురు పెద్దల ముందు కూర్చుని దాని మీద అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పాలి. అలాంటి పని నా చేతికి రావడానికే ఎనిమిదేళ్లు పట్టింది. అది ఇనిష్‌డారా హోటల్. మా ఆఫీసు యజమాని డెక్లన్ ఫైలు నా బల్ల మీద పెట్టి, "ఇది పూర్తిగా నీది చంద్రా, నేను వేలు పెట్టను" అన్నాడు. అన్న మాట నిలబెట్టుకున్నాడు కూడా. అదే నా కొంప ముంచింది.

ఇనిష్‌డారా మా తీరం నుంచి పడవలో నలభై నిమిషాల దూరం. ప్రపంచ యుద్ధం ముగిసి, జనం మళ్లీ సెలవులకు ఊళ్లు తిరగడం మొదలుపెట్టిన కాలంలో, 1961లో, అక్కడ ఒక హోటలూ దాని చుట్టూ పన్నెండు చిన్న ఇళ్లూ కట్టారు. కట్టింది డెవ్‌లిన్ అనే డబ్లిన్ ఆర్కిటెక్టు. పైకప్పు పల్చటి కాంక్రీటు, బోర్లించిన పడవలా వంపుగా ఉంటుంది. దక్షిణం వైపు నేల నుంచి కప్పు దాకా అద్దం. ఆ రెండూ అప్పట్లో సరికొత్త ఫ్యాషన్. గోడలు మాత్రం ద్వీపంలోని రాయితో కట్టి సున్నం కొట్టినవి. లోపల గోడంత పొయ్యి. తలుపులు పాత పల్లెటూరి పద్ధతిలో పై సగం వేరుగా, కింద సగం వేరుగా తెరుచుకుంటాయి. పాతనూ కొత్తనూ అతుకు తెలియకుండా కలిపిన కట్టడమని చదువుకునే పిల్లలకు ఆ ఇళ్ల ఫోటోలు చూపిస్తారు. ప్రతి ఇంటికీ ఎదురెదురుగా రెండు తలుపులు: తూర్పున ఒకటి, పడమట ఒకటి.

ఇన్నాళ్లూ అవి వేసవి ఇళ్లే. చలికాలం కూడా అద్దెకిచ్చేలా వాటిని వెచ్చగా చేయాలి, రూపం మాత్రం చెడకూడదు. అదీ నాకిచ్చిన పని.

మొదటిసారి వెళ్లినప్పుడు వచ్చే పడవకూ పోయే పడవకూ మధ్య రెండు గంటల నలభై నిమిషాలు దొరికాయి. అంత సమయంలో ఒక ఇల్లు పూర్తిగా కొలిచి, మిగతావి ఫోటోలు తీసుకోవడం నాకు నల్లేరు మీద నడక. తూర్పు గుమ్మంలో నిలబడి చూస్తే ఇంటి మధ్యగుండా పడమటి గుమ్మం, దాని అవతల గడ్డి కనిపించాయి. చటుక్కున నవ్వొచ్చింది. ఇది జగిత్యాలలో మా ఇల్లే కదా అనుకున్నాను. మా ఇంట్లోనూ వీధిలో నిలబడితే పెరడు దాకా కనిపించేది. ముందు దర్వాజ తూర్పున. చుట్టాలు, కొత్త కోడళ్లు, పండక్కి లక్ష్మీదేవి, అందరూ అటునుంచే రావాలి. వెనుక దర్వాజ అంట్లకూ బర్రెకూ. చుట్టం పొరపాటున వెనుకనుంచి వస్తే మా నానమ్మ మళ్లీ చుట్టూ తిప్పి ముందునుంచి తీసుకొచ్చేది.

ఇక్కడా రేవు నుంచి వచ్చే దారి తూర్పు గుమ్మం దగ్గరే ఆగుతుంది. కాబట్టి తూర్పుది ముందు తలుపు, పడమటిది వెనుక తలుపు. ఇందులో అడగడానికేముంది? డెవ్‌లిన్ పాత డ్రాయింగుల్లో రెండింటి పక్కనా ‘తలుపు’ అని మాత్రమే ఉంది. ముసలాయన పేర్లు పెట్టడం మరిచిపోయాడనుకుని ఆ పేర్లేవో నేనే పెట్టాను.

ఒకసారి వెనుక తలుపు అయ్యాక దాని పని పట్టడం ఎంతసేపు? అట్లాంటిక్ వానంతా పడమటినుంచే కొడుతుంది. ఆ తలుపు సందుల్లోంచి పోయే వేడి అంతా ఇంతా కాదు. అందుకని బయట పాత తలుపు రెక్కలను అలాగే ఉంచి, రంగు వేయించి, లోపలివైపు జానెడు మందాన వేడి ఆపే పలకలు పెట్టి గోడ చేసేశాను. బయటినుంచి చూస్తే అరవై ఏళ్లనాటి తలుపే. గడియ కూడా ఉంది. తెరవడానికి మాత్రం రాదు. తూర్పున కొత్తది, మందమైన ఒకే రెక్క, బయటికి తెరుచుకునేలా పెట్టించాను. పాత కట్టడాలు చూసుకునే కౌన్సిల్ అధికారి వచ్చి, సంప్రదాయాన్ని ఎంత గౌరవించారండీ అని మెచ్చుకున్నాడు. గాలి లీకు పరీక్షలో పన్నెండు ఇళ్లూ అనుమతించిన లీకులో సగంతోనే నెగ్గాయి. ఆ రోజు ఇంట్లో జిలేబీలు చేసి ఆఫీసుకు పట్టుకెళ్లాను.

ఆ పన్నెండు ఇళ్లలో మొదటిది అద్దెది కాదు, బ్రీడ్‌ది. ఆమెకు డెబ్బై ఆరేళ్లు. పద్నాలుగేళ్లప్పుడు పక్కలు వేసే పనికి హోటల్లో చేరింది. ఇప్పుడు దానికి కాపలా, తాళాలు, అన్నీ ఆమే. పని జరిగినన్నాళ్లూ ఆమెను ఇవతలి ఒడ్డున మేనకోడలి ఇంట్లో ఉంచారు. నేను కొలతలకు వెళ్లినరోజు కూడా ఆమె అక్కడే ఉంది. అక్టోబరులో తిరిగొచ్చి ఇల్లంతా చూసింది. వెచ్చగా ఉందని అంది. తర్వాత పడమటి గోడ దగ్గరికెళ్లి, అరచెయ్యి ఆనించి నిలబడింది.

"మరి ఈ తలుపో?" అంది.

"వెనుక తలుపు ఇక అవసరం లేదు బ్రీడ్. చలి అంతా దాంట్లోంచే వచ్చేది" అన్నాను, చిన్నపిల్లకు చెప్పినట్టు నవ్వుతూ.

ఆమె నా వంక చూసింది. "సరే, నీకే బాగా తెలిసుండాలి" అంది.

ఈ దేశంలో ఆ మాటకు ‘నీకేమీ తెలియదు’ అని అర్థమని తొమ్మిదేళ్లున్నదానికి తెలియకపోలేదు. విననట్టు ఊరుకున్నాను.

చలికాలం సాఫీగా గడిచింది. గాలులన్నీ పడమటివే. డబ్లిన్ ఇంటర్వ్యూకు మార్చి చివర తేదీ ఇచ్చారు. దానికి రెండు వారాల ముందు తూర్పు గాలి మొదలైంది. మంచు పొడి కలిసిన గాలి, తొమ్మిది రోజులు ఆగకుండా. ఆరో రోజు పొద్దున డెక్లన్ ఫోన్ చేశాడు. బ్రీడ్ పొయ్యిలోని బూడిద బకెట్ పట్టుకుని తలుపు తోసిందట. సగం తెరుచుకోగానే గాలి ఎదురు తన్ని ఆ బరువైన రెక్కను ఆమె మణికట్టు మీద మూసేసిందట. రెండుచోట్ల విరిగింది. రేవు కూడా తూర్పునే కాబట్టి పడవ కట్టే వీల్లేదు. హెలికాప్టర్ వచ్చి స్లైగో ఆసుపత్రికి తెచ్చింది. వెంటనే అక్కడికి బయల్దేరాను.

ఆసుపత్రిలో ఆమె మంచం మీద కూర్చుని ఎడమ చేత్తో టీ తాగుతోంది. కుడి చేతికి మోచేతి దాకా కట్టు.

"గ్రాండ్‌గా ఉన్నాను, నాకేం కాలేదు, నువ్వు ఏడవకు. అసలు తూర్పు గాలికి తూర్పు తలుపు తియ్యడమేమిటి, బుద్ధి లేకపోతే సరి" అంది.

"మరి దేన్ని తీసేవాళ్లు, ఇంతకుముందు?"

"గాలి లేనిదాన్ని."

నాకు అప్పటికీ బుర్రకెక్కలేదు. ఆమె ఓపిగ్గా చెప్పింది. ద్వీపంలో ఏ ఇంటికైనా రెండు తలుపులుంటాయి. వాటికి ముందూ వెనుకా ఉండవు. పొద్దున్నే లేచి గాలి ఎటునుంచి వస్తోందో చూస్తారు. అటు తలుపు గడియ వేసే ఉంచుతారు, ఇటుది తీస్తారు. ఆ రోజుకు అదే ముందు తలుపు. పాదిరీ వచ్చినా, పాలవాడు వచ్చినా, శవం లేచినా దాంట్లోంచే. గాలి తిరిగితే తలుపు మారుతుంది.

"డెవ్‌లిన్‌కు ఇదంతా ఎలా తెలిసింది?"

"మా ఇంట్లోనే ఉన్నాడుగా. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా. రోజూ పొద్దున్నే మా అమ్మను అడిగేవాడు, ఇవాళ ఏ తలుపు అని. కప్పు కాంక్రీటుతోనే వేసుకో, అద్దాలు ఎంత పెద్దవైనా పెట్టుకో, కానీ రెండు తలుపులూ ఉండాలని మా అమ్మ చెప్పింది. అది ఒక్కటీ విన్నాడు."

అరవై ఏళ్లుగా పుస్తకాల వాళ్లంతా మెచ్చుకుంటున్నది ఆయన వేసిన వంపు కప్పును. ఆ ఇంట్లో నిజంగా పాతా కొత్తా కలిసిన చోటు ఆ రెండు తలుపులు. వాటిలో ఒకదానికి రంగు పూసి, గడియ తుడిచి, బొమ్మను చేసి నిలబెట్టింది నేను.

బయల్దేరబోతుంటే బ్రీడ్ తలగడ కింద నుంచి ఒక కాగితం తీసి ఇచ్చింది. హోటల్ వాళ్ల ప్రమాద నివేదిక. కారణం దగ్గర మూడు గళ్లున్నాయి: వాతావరణం, వాడిన వ్యక్తి పొరపాటు, కట్టడంలో లోపం. రెండో గడిలో వంకరగా టిక్కు ఉంది, ఎడమ చేత్తో పెట్టినది. కింద ఆమె సంతకం. దాని కింద ‘డిజైన్ బాధ్యులు’ అని నా సంతకానికి ఖాళీ.

"నీకు ఆ పరీక్షేదో ఉందని డెక్లన్ చెప్పాడు. వెళ్లి పాసై రా, తర్వాత చూసుకుందాం" అంది.

కాగితం తీసుకున్నాను. వద్దని అనలేదు. అనుంటే బాగుండేదని ఇప్పుడు రాయడం తేలిక.

డెక్లన్ కూడా అదే అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. "పోనీ ఆ తలుపుకు మెల్లగా మూసుకునే స్ప్రింగు పెడదాం, ముందు ఒక చిన్న అడ్డుగోడ కడదాం. తూర్పు గాలి ఏడాదికి రెండు వారాలుంటుందేమో. సంతకం పెట్టు, ఇంటర్వ్యూ కానివ్వు. ఈ తప్పు బయట పెడితే నీ పనిలో చూపించడానికి ఇంకేం మిగులుతుంది?" అన్నాడు. ఆ చివరి మాట నిజమే. ఏమీ మిగలదు.

ఇంట్లో మా ఆయన కళాధర్ అన్నం తింటున్నాడు. గుండె నాళాల్లో పెట్టే స్టెంట్లు తయారుచేసే ప్లాంటులో నాణ్యత విభాగం అతనిది. నేను ఏ తలుపో, ఎవరిదో చెప్పకుండా ఊరికే అడిగాను.

"ఒకావిడ మణికట్టు ఇరిగింది. వాడినామె తప్పని రిపోర్టుల రాసిన్రు. గట్ల రాయొచ్చా?"

"మా దగ్గరైతే నడవది," అన్నాడు, పప్పు కలుపుకుంటూ. "మనిషి తప్పని రాస్తె ఆడిటర్ ఎంటనే కొట్టేస్తడు. మనిషన్నాక తప్పు చేస్తడు. తప్పు చేసేటట్టు పెట్టినోడెవడు, గది చెప్పుమంటడు. మూలకారణం దొరికేదాంక ఫైలు మూయనియ్యరు. ఎవరిది గా రిపోర్టు?"

"నాదే. ఇనిష్‌డారా తలుపు."

అతని చెయ్యి ఆగింది. "అరె, నీ సంగతి వేరే గదా చంద్రా. ఇంటర్వ్యూ వారం రోజులే ఉంది. సంతకం పెట్టెయ్, ఎనుకసీరి చూద్దాం."

"వేరే ఎట్లయితది? మీ ప్లాంట్ల ఒక నీతి, మా ఆఫీసుల ఒక నీతా?"

"నా మీదెందుకు ఎగురుతున్నవ్? తొమ్మిదేండ్లు ఏడ్చినవని అంటున్న."

అది నిజం కాబట్టే నాకు ఇంకా మండింది. కంచం తీసుకుని లేచాను. మా అమ్మాయి విజేత హోంవర్క్ మీంచి తలెత్తి, "హర్ రిస్ట్, మామ్, ఇజ్ ఇట్ గ్రాండ్ నౌ?" అని అడిగింది. పదకొండేళ్ల పిల్ల. ఇంట్లో అంతసేపట్లో ఆమె చెయ్యి ఎలా ఉందని అడిగింది అదొక్కతే.

డబ్లిన్‌కు పొద్దున రైల్లో వెళ్లాను. సంతకం పెట్టని ఆ కాగితం సంచిలో ఉంది. దారంతా ఏమీ తేల్చుకోలేదు. ధైర్యంగా తేల్చుకుని వెళ్లానని రాస్తే బాగుంటుంది కానీ అది జరగలేదు. తెర మీద చూపించే బొమ్మలు కూడా మార్చలేదు. గాలి లీకు పరీక్ష ఫలితాలు, రంగు వేసిన పాత తలుపు అందమైన ఫోటో, అన్నీ ఉన్నాయి.

ముగ్గురూ మర్యాదగానే ఉన్నారు. అరగంట బాగా నడిచింది. కాంక్రీటు కప్పు లోపల తడి పట్టకుండా ఏం చేశానో చెబుతుంటే ఇద్దరు మగవాళ్లూ తలలూపారు. నాకు నమ్మకం వచ్చేసింది. అప్పుడు మధ్యలో కూర్చున్నావిడ, తెల్లజుట్టు, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, నా డ్రాయింగు మీద వేలు పెట్టింది.

"ఇక్కడ ‘ముందు తలుపు’ అని రాశారు. డెవ్‌లిన్ రాయలేదు. అది ముందుదని మీకెవరు చెప్పారు?"

జవాబు నా దగ్గర తయారుగా ఉంది. రేవు తూర్పున, దారి తూర్పున, వచ్చేవాళ్లు తూర్పునుంచే వస్తారు. ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. ఆవిడ సరేనని పేజీ తిప్పేసేది. నోరు తెరిచాను. మాట వచ్చేలోగా నాకు మంచం మీద కూర్చుని ఎడమ చేత్తో టీ తాగుతున్న మనిషి గుర్తొచ్చింది. సిగ్గేసింది. ముప్పై తొమ్మిదేళ్ల వయసులో అంత సిగ్గు నేనెరగను.

"ఎవరూ చెప్పలేదు" అన్నాను. "నేను అలాంటి ఇంట్లో పుట్టి పెరిగాను. తెలుసనుకున్నాను. అందుకే ఎవర్నీ అడగలేదు."

తర్వాత అంతా చెప్పాను. ఎంతసేపు ద్వీపంలో ఉన్నానో, గోడ మీద చెయ్యి పెట్టి ఆమె ఏమడిగిందో, నేనెలా నవ్వానో. గాలీ తలుపుల సంగతి, రెండుచోట్ల విరిగిన మణికట్టు. సంచిలోంచి కాగితం తీసి వాళ్ల బల్ల మీదే మూడో గడిలో టిక్కు పెట్టి, పక్కన ‘పడమటి తలుపు మూయించింది నేను’ అని రాసి, సంతకం చేశాను. బ్రీడ్ పెట్టిన టిక్కును కొట్టేయలేదు. అది ఆమె మాట, ఇది నా మాట.

ఆవిడ కళ్లద్దాలు దించుకుని, "థాంక్యూ" అంది. ఇంకేమీ అడగలేదు.

రెండు వారాలకు ఉత్తరం వచ్చింది. ఈ పని ఆధారంగా ఈ ఏడాది రిజిస్ట్రేషన్ ఇవ్వలేము, మరో పని పూర్తిచేసి మళ్లీ రండి అని. ఆఫీసు కారు పార్కులో కారులోనే కూర్చుని పావుగంట ఏడ్చాను. చేసింది మంచిపనే కదా అని ఏడుపు ఆగలేదు. నాకు ఆ కార్డు కావాలి. ఇప్పటికీ కావాలి. డెక్లన్ నాలుగు రోజులు నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. ఐదో రోజు నా బల్ల దగ్గర నిలబడి, "సోమవారం పడవకు వడ్రంగి వెళ్తున్నాడు, తలుపులు తెరవడానికి. మొదటి ఇంటితో మొదలుపెడతాడు. నువ్వూ వెళ్లు" అన్నాడు.

వెళ్లాను. వడ్రంగి లోపలి పలకలన్నీ ఊడదీసేసరికి మధ్యాహ్నమైంది. పాత రెక్కలు బయటపడ్డాయి. గడియకు నూనె రాస్తే కదిలింది. బ్రీడ్ కట్టుతో ఉన్న చెయ్యి ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చుని చూస్తోంది. వడ్రంగి రెండో ఇంటికి వెళ్లిపోయాక అడిగింది.

"నిన్ను ఆర్కిటెక్ట్‌ను చేశారా?"

"లేదు. ఇంకో ఏడాది ఆగాలి."

"నా చెయ్యి వల్లేనా?"

"కాదు. నా వల్ల."

ఆమె ఓదార్చలేదు. నేనూ ఏదో అంటుందని ఎదురుచూడలేదు. లేచి తలుపు దగ్గరికెళ్లి, ఎడమ చేత్తో గడియ తీసి, పై రెక్కను రెండంగుళాలు లోపలికి లాగింది. చల్లటి వాన జల్లు మా ఇద్దరి మొహాల మీదా కొట్టింది. నేల మీద నీళ్లు పడ్డాయి.

"మూసెయ్" అంది బ్రీడ్. "ఇవాళ గాలి ఇటునుంచే. తూర్పుది తియ్యి."

మూసి గడియ వేసి, తూర్పు తలుపు తీశాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక ఇంట్లో ఉండేవాళ్లు చెప్పినట్టు నేను తలుపు తీయడం అదే మొదటిసారి.